నడుము ఖరీదు

ఈ వారం చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు. దుంగల లారీలు తూచే కాటా మీద పెట్టి తూచినా ఒక్క పౌను తేడా రాదు. అంత ఖచ్చితంగా కథ చెప్పగలిగినవాడు ఈ ఎగువ మిషిగన్‌లో ఇంకొకడు లేడు, ఉంటే తీసుకురండి.

లారీ తలుపు మీద పేరు రాయించి తొమ్మిది రోజులైంది. పెల్కొనెన్ వాళ్ళింట్లో తండ్రీ కూతుళ్ళకు మాటలు పోయి కూడా తొమ్మిది రోజులే.

ఎర్ర తలుపు మీద తెల్లటి అక్షరాలు, జానెడు ఎత్తున: "పెల్కొనెన్ అండ్ డాటర్." ఆ డాటర్ని తండ్రి డువేన్ అడగలేదు. ఆ డాటర్, అంటే మార్నీ, సరిగ్గా ఆ సాయంత్రమే కాలేజీ ఉత్తరం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. ఎలక్ట్రికల్ టెక్నీషియన్ చదువు, రెండేళ్ళ డిగ్రీ, జనవరిలో మొదలు. ఆమె కూడా ఎవర్నీ అడగలేదు.

ఆ భోజనం ఎలా ముగిసిందో పోయిన వారం చూశాం. ఆ రాత్రి పగిలిన గ్రేవీ గిన్నె ఇంకా అతికించలేదు.

శనివారం సాయంత్రం సౌనా కాగింది. పెరటి చివర ఆవిరి స్నానానికి కట్టుకున్న చెక్క గది, లోపల పొయ్యి, పొయ్యి మీద రాళ్ళు. ముందు ఆడవాళ్ళు, తర్వాత మగవాళ్ళు. ఆ ఇంటి పెద్ద ఇంపికి ఎనభై ఆరేళ్ళు. డువేన్‌కి తల్లి, మార్నీకి నానమ్మ. సౌనా విషయంలో ఆవిడది ఒకటే నియమం. లోపల ఎవరూ గొంతు పెంచకూడదు. ఆవిడ పెళ్ళైన కొత్తలో మొగుడు ఒకసారి పెంచాడు. ఆయన్ని బట్టల్లేకుండా మంచులోకి గెంటి గడియ వేసింది. మళ్ళీ పెంచలేదు.

"నాన్న బయట కూచున్నాడు," అంది మార్నీ మెల్లగా.

"వాడి వంతు కోసం కూచున్నాడు. చిన్నప్పట్నుంచీ అంతే," అంటూ ఇంపి రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసింది.

ఆవిరి బుస్సుమని లేచి ఇద్దర్నీ కమ్మేసింది. మార్నీ పై మెట్టు మీద మోకాళ్ళు ముడుచుకుని కూచుంది. ముప్పై ఒకటో ఏడు వస్తోంది. ఎనిమిదేళ్ళుగా ముసలివాళ్ళ ఆశ్రమం వంటింట్లో బంగాళదుంపలు చెక్కుతోంది. తల్లి పోయినప్పట్నుంచి ఈ ఇంటి రసీదులు కూడేది కూడా తనే.

తలుపు అవతలనుంచి డువేన్ గొంతు వచ్చింది. "అమ్మా, దానికి చెప్పు. ఆ లారీ ఏడాదికి లక్షా ఎనభై వేల డాలర్లు తెస్తుంది. ఏ కాలేజీ తెస్తుందో చెప్పమను."

"అరవకురా."

"లోపల కదా అరవకూడనిది? నేను బయటున్నాను."

ఇంపి ఆలోచించింది. నియమం ప్రకారం వాడిదే ఒప్పు. "సరే, అరుచుకో," అంది.

మార్నీ మాత్రం లోపలుంది. గొంతు పెంచడానికి లేదు. "నానమ్మా, నాన్నకి చెప్పు. ఆ లక్షా ఎనభైలోంచి డీజిల్ తియ్యి. టైర్లు తియ్యి. ఇన్సూరెన్సు, బ్యాంకు వాయిదా, పోయినేడు విరిగిన యాక్సిల్ తియ్యి. కాఫీ డబ్బాలో రసీదులన్నీ నేనే కూడి చూశాను. చేతిలో మిగిలింది నలభై ఒక్క వేలు."

"ఏమంటోంది? వినబళ్ళేదు."

"చెవి తలుపు బందుకి ఆనించకు," అంది ఇంపి. "మీ పెదనాన్న చెవి చలికి ఆ ఇనుముకే అంటుకుంది. వేడినీళ్ళు పోసి ఊడదీశాం."

బయట డువేన్ చటుక్కున వెనక్కి జరిగిన చప్పుడైంది. మార్నీ నవ్వాపుకుని, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ చెప్పింది. తన లెక్క కూడా చెప్పింది. ఫీజులూ పనిముట్లూ పుస్తకాలూ పధ్నాలుగు వేలు. వెళ్ళిరావడానికి పెట్రోలు నాలుగు వేలు. వంటింటి పని శని ఆదివారాలకు తగ్గించుకుంటే రెండేళ్ళలో పోయే జీతం ముప్పై వేలు. వెరసి నలభై ఎనిమిది.

"అదంతా గాలికి పోసేదే కదా?" అన్నాడు డువేన్.

"చదువయ్యాక గంటకు ముప్పై ఎనిమిది డాలర్లని కాలేజీవాళ్ళ కాగితంలోనే ఉంది. వంటింట్లో ఏడాదికి ముప్పై వేలు. అక్కడ డెబ్భై తొమ్మిది. పెట్టిందంతా ఒక్క ఏడాదిలో తిరిగొస్తుంది."

ఈసారి డువేన్ అరవకుండానే మాట్లాడాడు. అతను అరవనప్పుడే భయపడాలి.

"ఆ ముప్పై ఎనిమిది ఎక్కడిదో అడుగమ్మా. లాహ్తీ వాళ్ళ టాడ్‌ని అడిగాను, అదే చదువు చదివి గనిలో చేస్తున్నాడు. వాడికి ఇరవై ఆరు. ముప్పై ఎనిమిది వంతెన కిందివాళ్ళకి. కాగితం అచ్చేసింది కూడా వాళ్ళే కదా."

వంతెన కింద అంటే పెద్ద వంతెన దాటాక వచ్చే దిగువ మిషిగన్. కార్ల ఫ్యాక్టరీలూ జనమూ జీతాలూ అన్నీ అటే. ఈ ఒడ్డున పుట్టినవాళ్ళు అటు వెళ్ళొచ్చు, కానీ వెళ్ళినవాళ్ళ గురించి ఇక్కడ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

మార్నీకి ఆ సంగతి తట్టలేదు. ఇంత లెక్క వేసి, జీతం ఏ ఊరిదో చూసుకోలేదు.

తడి వేలితో పక్కనున్న చెక్క మీద అంకెలు వేసింది. ఇరవై ఆరు, ఏడాదికి యాభై నాలుగు వేలు. అందులోంచి ముప్పై తీసేసింది. కింద గీత గీసేసరికి పైన వేసిన అంకె ఆ వేడికి ఆరిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఆరిపోయింది. ఇక కళ్ళు మూసుకుని వేసుకుంది.

ఇంపి నీళ్ళు పొయ్యకుండా గరిటె పట్టుకుని ఎదురుచూసింది.

"నానమ్మా, చెప్పు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు పడుతుంది. అయినా తిరిగొస్తుంది. నేను వంతెన దిగను. ఇరవై ఆరుకే చదువుతాను."

"విన్నావా?" అంది ఇంపి.

"విన్నాను."

"ఇంకోటి కూడా అడుగు నానమ్మా. ఆ లక్షా ఎనభైలో తన నడుము ఏ గడిలో రాశాడో అడుగు. రెండు ఆపరేషన్లు. పొద్దున మేజోళ్ళు తొడుక్కోడానికి పావుగంట. దానికి రసీదు నాకు డబ్బాలో ఎక్కడా కనబళ్ళేదు."

ఆ మాట ఇంపి చేరవెయ్యలేదు. అవసరం పడలేదు కూడా. బయట బల్ల కిర్రుమంది. మంచు మీద బూట్ల చప్పుడు ఇంటి వైపు కాకుండా షెడ్డు వైపు వెళ్ళింది.

ఆ శనివారం డువేన్ సౌనా చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే పికప్పులో తుపాకీ వేసుకుని అడవిలో వేట గుడిసెకు వెళ్ళిపోయాడు.

సోమవారం నవంబరు పదిహేను. జింకల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు ఇక్కడ స్కూళ్ళకు సెలవు, కొట్లకు సెలవు. ఎవరూ పెళ్ళి పెట్టుకోరు. చావదలుచుకున్నవాళ్ళు కూడా వీలైతే పదహారు దాకా ఆగుతారు.

ఇంపి వంటింట్లో యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటూ, భూతద్దం పెట్టి కాలేజీ ఉత్తరం చదువుతోంది. ఆవిడ చేతికి దొరికిన కాగితమేదీ చదవకుండా వదలదు. పిండి సంచి మీద అక్షరాలు కూడా పూర్తి చేస్తుంది.

"సీటు ఖాయం చేసుకోడానికి ఆఖరు తేదీ పదిహేను, సాయంత్రం నాలుగు. స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి," అని పైకి చదివింది.

"రేపు వెళ్తాను నానమ్మా."

"పదిహేనంటున్నాడు."

"పదిహేనంటే పదహారనే అర్థం. ఇవాళ అక్కడ ఎవరుంటారు? కాపలావాడు కూడా చెట్టెక్కి కూచుంటాడు తుపాకీ పట్టుకుని."

"ఫోను చెయ్యి."

"ఎవరూ ఎత్తరు."

"ఎత్తకపోతే నీ సొమ్మేం పోయింది?"

మార్నీ నానమ్మ మాట తీసెయ్యలేక చేసింది. రెండో మోతకే ఎవరో ఎత్తారు.

"అడ్మిషన్ల ఆఫీసు, చెప్పండి."

"మీరు... తెరిచే ఉన్నారా?"

"తెరిచే ఉన్నామండీ. ఎందుకు మూస్తాం?"

"ఇవాళ పదిహేను కదా."

"అవునండీ, పదిహేనే," అంది ఆవిడ. అందులో వింతేముందో ఆవిడకు తెలియలేదు.

"మీది ఏ ఊరండీ?"

"ఫ్లింట్. వచ్చి రెండు నెలలైంది. ఎందుకు?"

వంతెన కింద ఊరు. మార్నీ కుర్చీలో కూలబడింది. "ఏం లేదండీ. పేరు మార్నీ పెల్కొనెన్. సీటు సంగతి..."

"మీరింకా రాలేదేమిటా అనుకుంటున్నాను. వెనకాల పదకొండుమంది కాచుకుని ఉన్నారు. నాలుగు దాటితే సీటు వాళ్ళకు వెళ్ళిపోతుంది. నేనేం చెయ్యలేను, కంప్యూటరే చేసేస్తుంది."

టైము ఒంటిగంటన్నర. కాలేజీ ముప్పై మైళ్ళు. మార్నీ కారు గేరు పెట్టె విప్పి గ్యారేజీలో ఉంది. గ్యారేజీవాడు అడవిలో ఉన్నాడు. పక్కింటివాళ్ళకు ఫోను చేసింది. ఎత్తలేదు. ఎదురింటికి చేసింది. ఎత్తలేదు. ఆఖరికి పాస్టరుగారికి చేసింది. ఆయన భార్య ఎత్తి, ఆయన ప్రార్థనలో ఉన్నాడని చెప్పింది, వేటగాళ్ళ నారింజ రంగు కోటు వేసుకుని వెళ్ళాడని కూడా చెప్పింది.

ఇంపి కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఆవిడ చూసే వైపు మార్నీ కావాలనే చూడలేదు. అయినా తెలుసు అక్కడేముందో. ఎర్ర తలుపు, తెల్లటి అక్షరాలు.

"ఆ బండి మెట్టు మీద కాలు పెట్టనని ఆ రాత్రి మీ నాన్నకి చెప్పావు కదూ," అంది ఇంపి.

"చెప్పాను."

"మాట తప్పకు. మెట్టు మీద పెట్టకుండా ఎగిరి కూచో."

మార్నీ కోటు వేసుకుంది. ఇరవై ఒకటో ఏట తండ్రి పట్టుబట్టి ఇప్పించిన లారీ లైసెన్సు పర్సులో ఉంది. లారీ వెనక కట్టిన లాగుడు బండి విప్పి, చక్రాల చుట్టూ నడుము లోతు మంచు పారతో ఎత్తిపోసింది. ముప్పావుగంట పట్టింది.

నడుము లోతు అన్నానా? మోకాలికి కాస్త కిందికే ఉందనుకుంటాను. కాటా సంగతి మొదట్లో ఎత్తింది నేనే కాబట్టి దిద్దుకోవాలి. అయితే ఈ చలికి కాటాలు కూడా ఎక్కువే చూపిస్తాయి, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

లారీ రోడ్డెక్కింది. మనుషులు లేని ఊళ్ళు, తాళాలు వేసిన కొట్లు. దుంగల మలుపు దగ్గర పెద్ద కొమ్ముల జింక ఒకటి రోడ్డు మధ్య నిలబడి ఉంది. దాన్ని వెతుకుతూ మగవాళ్ళంతా అడవిలో ఉంటే అది రోడ్డు మీద తీరిగ్గా నిలబడి, ఊళ్ళోవాళ్ళంతా ఏరీ అన్నట్టు లారీ వైపు చూసింది. మార్నీ ఆగింది. అది దారిచ్చింది.

సరస్సు వైపు తిరగ్గానే ఎండ మంచు మీద పడి కళ్ళలో గుచ్చుకుంది. అద్దం పైన ఎండకు అడ్డంగా ఉండే రెక్క కిందికి లాగింది. దాని వెనకనుంచి మడత పెట్టిన కాగితం ఒకటి ఒళ్ళో పడింది.

డాక్టరు కాగితం. పైన తండ్రి పేరు. కింద ఆగస్టు తేదీ.

మార్నీ లారీని రోడ్డు పక్కకు తీసి ఆపింది. ఇంజను ఆపలేదు. లారీలు నడిపేవాళ్ళకు రెండేళ్ళకోసారి ఒళ్ళు బాగుందని డాక్టరు కార్డు ఇవ్వాలి. ఇక్కడ ఇవ్వలేదు. వెన్నుపూస గురించి నాలుగు లైన్లు, చివర ఒక మాట: ఇకపై పెద్ద వాహనాలు నడపడానికి పనికిరాడు.

సెప్టెంబరంతా అడవి రోడ్లు తడిగా ఉన్నాయన్నాడు. అక్టోబరులో మిల్లువాళ్ళ దగ్గర సరుకు పేరుకుపోయిందన్నాడు. లారీ పెరట్లోనే నిలబడింది. మార్నీ నమ్మింది. రసీదులు కూడే మనిషి, డీజిల్ రసీదులు రాకపోవడం చూసి కూడా నమ్మింది.

నవంబరులో పెయింటు వేసేవాణ్ణి పిలిపించి తలుపు మీద పేరు రాయించాడు. నోటితో చెప్పలేనిది తలుపు మీద చెప్పించాడు.

కోటు జేబులోంచి తన లెక్కల కాగితం తీసింది. రెండూ స్టీరింగు మీద పక్కపక్కన పెట్టింది. ఫీజులున్నాయి, పెట్రోలుంది, వంటింటి జీతముంది. ఆ నలభై ఒక్క వేలూ తండ్రి లెక్క అనుకుంది. అది ఇంటి లెక్క. ఇప్పుడు అది సున్నా. ఆ సున్నా తన కాగితంలో ఎక్కడా లేదు.

తను చదువుకు వెళ్తే రెండేళ్ళు ఇల్లు దేనితో నడుస్తుంది? లారీ ఎక్కితే ఈ రోజు నడుస్తుంది. ఇరవై ఏళ్ళు పోయాక ఇలాంటి కాగితమే మళ్ళీ వస్తుంది, పైన మార్నీ పేరుతో.

గడియారం మూడూ పది చూపిస్తోంది.

కాగితాలు రెండూ మడిచి ఒకే జేబులో పెట్టుకుంది. గేరు వేసింది. లారీ ఇంటి వైపు తిరగలేదు.

కాలేజీ ముందు కార్లు నిలిపే చోటు సగం ఖాళీగా ఉంది. లారీ తొమ్మిది కార్ల జాగా తీసుకుంది. అద్దాల్లోంచి ఫ్లింట్ ఆవిడ లేచి నిలబడి చూసింది.

"ఫోనులో మాట్లాడింది మీరేనా?" అంది ఆవిడ, మార్నీ లోపలికి రాగానే. "దాంట్లో వచ్చారా?"

"ఇవాళ అదొక్కటే దొరికింది."

"తలుపు మీద మీ పేరే ఉందే."

"నా పేరు లేదండీ. కూతురని మాత్రమే ఉంది."

ఆవిడ ఫారం ముందు పెట్టింది. మార్నీ నిదానంగా, ప్రతి అక్షరం కనబడేలా సంతకం చేసింది. రెండు వందల డాలర్లు కట్టింది. మూడూ నలభై ఎనిమిదికి రసీదు చేతికొచ్చింది. జనవరి పది, ఉదయం ఎనిమిదికి మొదటి క్లాసు.

బయటికి వచ్చేసరికి లారీ పక్కన తండ్రి పికప్ ఉంది.

డువేన్ లారీ మెట్టు మీద కూచుని ఉన్నాడు, ఒంటినిండా నారింజ రంగు వేట బట్టలతో. వేట మొదటి రోజున అతను అడవి దిగడం నలభై మూడేళ్ళలో ఎవరూ చూడలేదు. మార్నీ పుట్టింది ఒక నవంబరు పదహారున. అప్పుడు కూడా పద్దెనిమిదికే వచ్చాడు.

"నీకెవరు చెప్పారు?"

"మీ నానమ్మ వేట గుడిసెల దారిలో ఉన్న బారుకి ఫోను చేసింది. బారువాడు మంచుబండి మీద మనిషిని పంపాడు. 'నీ లారీ కాలేజీలో చేరింది, వెళ్ళి చూసుకో' అని కబురు."

మార్నీ నవ్వలేదు. డువేన్ కూడా నవ్వలేదు. అతని కళ్ళు ఆమె జేబు మీద ఉన్నాయి. డాక్టరు కాగితం అంచు బయటికి కనబడుతోంది.

"చూశావన్నమాట," అన్నాడు.

"ఆగస్టులో చెప్పొచ్చుగా."

"ఏమని?"

డువేన్ తల కాలేజీ తలుపు వైపు తిప్పాడు.

"కట్టేశావా?"

"కట్టేశాను."

డువేన్ తలూపాడు. కోటు లోపల్నుంచి తనూ ఒక కాగితం తీశాడు. ఇవ్వలేదు, మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఇది చలికాలం ఒప్పందం. మిల్లుకి దుంగలు తోలాలి. జనవరి మూడు నుంచి మార్చి ఆఖరు దాకా, వారానికి ఐదు రోజులు. బయానా తీసుకుని బ్యాంకు వాయిదా కట్టేశాను."

"డ్రైవరెవరు?"

అతను వేలితో చూపించాడు. మార్నీ పెల్కొనెన్.

"కింద సంతకం?"

"నీదే," అని ఆగాడు. "నేను పెట్టాను."

ఇద్దరూ బయటే ఉన్నారు. అరవడానికి ఏ నియమమూ అడ్డు లేదు. డువేన్ ఆమె అరుపు కోసమే తల వంచుకుని కూచున్నట్టున్నాడు.

మార్నీ అరవలేదు. తన లెక్కల కాగితం తీసి వెనక్కి తిప్పింది. ఖాళీగా ఉంది. దాన్ని ఆ తెల్లటి అక్షరాల మీదే ఆనించి పట్టుకుని చెయ్యి చాపింది.

"పెన్సిలియ్యి."

లారీవాళ్ళ జేబులో పెన్సిలుంటుంది. ఇచ్చాడు.

"కాలేజీ మానను. అది ముందే చెప్తున్నా. నా సంతకం నేను పెట్టింది ఒక్కటే, అది లోపలుంది. మిగతాది మొదటినుంచీ వేద్దాం. నువ్వూ నేనూ కలిసి." కాగితం పైన గీత గీసింది. "మొదటి గడిలో నీ నడుము రాస్తున్నా. ఖరీదు చెప్పు."

డువేన్ సరస్సు వైపు చూశాడు. మార్నీ పెన్సిలు కాగితం మీదే ఉంచి నిలబడింది.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. దుంగల మలుపు దగ్గర కొమ్ముల జింక లేదు. ఆ రోజు దారి పొడుగునా మార్నీకి ఒక్క జింక కూడా కనబడలేదు. మనిషి ఒంటరిగా ముప్పై మైళ్ళు వెళ్తోందని జాలేసి, తోడుగా ఉంటుందని దాన్ని అక్కడ నిలబెట్టింది నేను. ఆ ఒప్పందం మీది సంతకం మాత్రం నా పని కాదు. డువేన్ ఇంకా ఖరీదు చెప్పకపోవడం కూడా.